నల్లమద్ది మెట్లు

మెట్టు విరిగితే మెట్టును ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నవన్నీ ఐలమ్మనే అన్నారు. కళ్లు నెత్తి మీద పెట్టుకొని నడిచిందన్నారు. అంత వయసొచ్చీ ఒళ్లు దగ్గర పెట్టుకోదన్నారు. అసలు గెస్టుల మెట్ల మీదికి గిన్నెలు కడిగే మనిషిని ఎవరు పొమ్మన్నారన్నారు. కుడి మణికట్టు విరిగి, సిమెంటు కట్టు వేయించుకొని ఆమె ఇంట్లో కూర్చున్నాక, చేయి బాగయినా ఇక పనికి రావద్దని వాచ్‌మన్‌తో కబురు పంపారు.

ఇంతా చేసి ఆ మెట్లు చేసింది ఐలమ్మ వియ్యంకుడే. గౌడవెల్లి వడ్ల సిద్దిరాములు. ఐలమ్మ కూతురు వినోద ఆయనకు కోడలు. కొడుకు రవీందర్‌కు ఉలి పట్టుకోవడం కంటే మేడ్చల్ కంపెనీలో షిఫ్టులకు పోవడమే నచ్చింది కాబట్టి, కొట్టంలో మామ పక్కన చెక్క నునుపుచేసే రంద పట్టుకున్నది కోడలే. మొదట్లో పాలిషుకు మాత్రమే రానిచ్చాడు ముసలాయన. తర్వాత కోతకు, ఆ తర్వాత కొలతకు. ఇప్పుడు ఆమె లేకుండా పలక ఎత్తడం కూడా ఆయన వల్ల కాదు. ఆ సంగతి మాత్రం ఒప్పుకోడు.

కొత్త మెట్లు కావాలని రిసార్టు యజమాని జనార్ధన్ పిలిపిస్తే ఇద్దరూ స్కూటీ మీద శామీర్‌పేట దాటి వెళ్లారు. అక్కడ చెరువుకు దగ్గర్లో జనార్ధన్‌కు తాతల నాటి పొలం ఉండేది. పొలం పోయి ప్లాట్లయ్యాయి. ప్లాట్లు పోగా మిగిలిన ముక్కలో రిసార్టు వెలిసింది. దాని ముందు లారీల కొద్దీ ఇసుక పోయించి, గడ్డి గొడుగులు పాతించి, బీచ్ అని బోర్డు పెట్టించాడు. సముద్రం చూడాలంటే ఊళ్లో వాళ్లు రాత్రి బస్సెక్కి పోవాలి. జనార్ధన్ దగ్గర మాత్రం హైవే దిగితే చాలు!

పైన భోజనాల హాలు, కింద ఇసుక, మధ్యలో కట్టె మెట్లు. అవి గెస్టులకు. పనివాళ్లు జనరేటర్ వెనక నుంచి, కంచె వెంబడి, నాచు పట్టిన బండల మీదుగా చుట్టు తిరిగి రావాలి. ఐలమ్మ పడిన రోజు ఇసుకలో ఎవరిదో పుట్టినరోజు దావతు. ఎంగిలి పళ్లాలు పేరుకుపోయాయని సూపర్‌వైజర్ జల్దీ జల్దీ అని అరుస్తుంటే ఐలమ్మ దగ్గరి దారిన దిగింది. మూడో మెట్టు ఆమె కాలి కింద అప్పడంలా విరిగింది.

"ఏం సిద్దిరాములూ, రెండు వానకాలాలు గూడ ఆగలే. గిదేనా నీ పని?" అన్నాడు జనార్ధన్.

సిద్దిరాములు తలపాగా సర్దుకున్నాడు. "నా పనిల తప్పుండది పటేల. అచ్చమైన టేకు. అతుకుల గోరు గూడ దూరది. బిగిచ్చేటప్పుడు అడుగుమెట్టు మీద నేనే నిలబడ్డ. నువ్వే సూస్తివి."

అది వాళ్లింటి రివాజు. ఏ మెట్లు చేసినా అడుగుమెట్టును చివరిదాకా వదులుగానే ఉంచుతారు. తొలి అడుగు వేసే మనిషి దాని మీద నిలబడితే, ఆ బరువు మీద ఇంకొకరు బోల్టులు బిగిస్తారు. తండ్రి పోయినప్పటి నుంచి ఆ తొలి అడుగు సిద్దిరాములుదే. మడమలు టకటకమనిపించి దిగి, యజమాని ఇచ్చిన తువ్వాల భుజాన వేసుకునేవాడు.

"మరెట్ల ఇరిగింది?"

సిద్దిరాములు చెరువు వైపు చూశాడు. కోడలి వైపు మాత్రం చూడలేదు. "పెద్ద పెద్ద గిన్నెలు పట్టుకొని దబదబ దిగితే ఏ కట్టె ఆగుతది పటేల."

వినోదకు చెవుల్లో వేడి పుట్టింది. తన తల్లి గురించి, తన ఎదుట, తన మామ! ఐలమ్మ ఆయనకు వియ్యపురాలన్న సంగతి జనార్ధన్‌కు తెలియదు. సిద్దిరాములు చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, ఎవరో దారిన పోయే ముసలమ్మ అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమె విరిగిన మెట్టు పక్కన గొంతుక్కూర్చొని అతుకులో వేలు పెట్టింది. పైన పాలిష్ మిలమిలలాడుతూనే ఉంది. లోపలి చెక్క చాయ్‌లో నానిన రస్కులా వేలికి వచ్చేసింది.

జనార్ధన్ కొడుకు హరీష్ ఫోన్ చూపించాడు. "గీ ఫోటో సూడుండ్రి. ఫారిన్ల బీచ్ కాడ మెట్లు. గిసుంటి షైనింగ్ రావాలె. వచ్చే ఆదివారం పెద్ద లీడర్ వస్తుండు, రిబ్బన్ కటింగ్. అప్పటికి కావాలె."

"ఇరిగిన మెట్టు మేం తీస్కపోతం," అంది వినోద.

"తీస్కపోయి ఏం జేస్తవు? పొయ్యిల వెడ్తవా?" అని నవ్వాడు జనార్ధన్.

"పొయ్యిల గూడ కాలది పటేల. లోపలంత తడే ఉన్నది."

మామ ఉలిక్కిపడి చూశాడు. ఆమె అప్పటికే మెట్టును స్కూటీకి కడుతోంది.

గౌడవెల్లి కొట్టంలోకి రాగానే వినోద ఆ మెట్టును నేల మీద వేసి బాడిశతో నిలువునా చీల్చింది. నడుమ ఎర్రగా, గట్టిగా చేవ ఉంది. అంచున రెండు వేళ్ల మందం తెల్ల చెక్క. అతుకు దగ్గర ఆ తెలుపు నల్లబడి, పొడిపొడిగా రాలుతోంది.

"గిది టేకేనా మామ? గిది పిల్లకట్టె. చేవ వట్టకముందే కొట్టి అమ్మిండ్రు. మనం కొన్నం."

"తెల్లది కనవడకుంట రంగేసింది ఎవలు? నువ్వే గద!"

"అవు, నేనే ఏసిన. ఎక్కడికన్న ఉరుకుతున్ననా? ఇద్దరం గలిసి జేసినం, ఇద్దరం గలిసి ఒప్పుకుందం అంటున్న. మా అమ్మ మీదికెందుకు తోసినవు?"

సిద్దిరాములుకు తెల్ల చెక్క మాట అంతగా తగల్లేదు. కట్టె అమ్మినవాడిని తిట్టి ఊరుకోగలడు. కానీ కోడలి వేలు అతుకు మీద ఉంది. అదే ఆయనకు మంటెత్తించింది.

"నా అతుకును జూపకు. తూంకుంట దాంక, లాల్‌గడి మలక్‌పేట దాంక నా చేతి దర్వాజలున్నయి. ఒక్కటన్న కదిలిందేమో అడిగిరాపో!"

"దర్వాజ ఇంట్ల ఉంటది మామ. దాని మీద వాన వడ్తదా? తడి కాళ్లు ఆన్తయా? దర్వాజకు పెట్టినట్టే మెట్లకు గూడ బిగబట్టి అతుకు పెడ్తిమి. నీళ్లు లోపటికి వోయేతందుకు తొవ్వ దొరికింది, బయటికి వచ్చేతందుకు దొరకలే."

"మా నాయిన నేర్పిన పని గిది. నిన్న మొన్న రంద వట్టినదానివి, నువ్వు జెప్తె నేను నేర్సుకోవాల్నా?"

ఆ మెట్ల జతలోదే ఒక మంచి ముక్క నిరుడు మిగిలి మూలన పడి ఉంది. దానికీ అదే అతుకు. వినోద దాన్ని తెచ్చి అరుగు మీద పెట్టి చెంబెడు నీళ్లు పోసింది. నీళ్లు అటూ ఇటూ జారిపోయాయి. అతుకు మీద సన్నటి నల్ల గీత మాత్రం మిగిలింది.

"పొద్దుగాల సూద్దం," అంది.

అప్పుడే బండి ఆపి రవీందర్ లోపలికి వచ్చాడు. ఇద్దరి మొహాలు చూసి హెల్మెట్ తీయకుండానే గుమ్మంలో ఆగిపోయాడు. "మళ్ల షురువైందా? ఏమైంది ఇప్పుడు?"

వినోద అంతా చెప్పింది. అతను కూర్చొని హెల్మెట్ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. మంచివాడే. గొడవంటే మాత్రం దూరం జరుగుతాడు.

"నువ్వన్నది నిజమే గానీ, ఇగ ఊకో వినోద. అయిందేదో అయింది. జనార్ధన్ పటేల్‌తోని పెట్టుకుంటే మనకు ఈడ ఎవలు పనిస్తరు? అత్తను మనమే సూస్కుందం తియ్యి."

"మా అమ్మకు తిండి లేక కాదు. ఆమెకు నడక రాదంటున్నరు. గిన్నేండ్ల సంది పదిమంది ఇండ్లల్ల పనిజేసింది, ఒక్క గ్లాసు పగలగొట్టలేదు. రేపు ఇంకో కాడికి పనికి వోతే, నువ్వు పడ్డవంట గద అనే అంటరు. గా మాట నేను మింగను. నువ్వు మింగుతవా మింగు."

రవీందర్ నీళ్ల కుండ దగ్గరికి పోయాడు. సిద్దిరాములు ఆ పూట కూరలో ఉప్పు తక్కువైందని పళ్లెం తోసేశాడు. ఉప్పు సరిగ్గానే ఉంది.

తెల్లారి వేపపుల్ల నోట్లో పెట్టుకొని ముసలాయన అరుగు దగ్గరికి వచ్చాడు. పలకంతా ఎండిపోయింది. అతుకు మీద నల్ల గీత నిన్నటిలాగే ఉంది. చీపురు పుల్ల విరిచి అందులో గుచ్చాలని చూశాడు. పుల్ల దూరలేదు. గోరు దూరని అతుకు కదా! పలకను ఎత్తి, అంచు మీద నిలబెట్టి, నేలకేసి ఒక్కటి కొట్టాడు. అతుకులోంచి నీళ్లు చిప్పిల్లి ఆయన పాదం మీద పడ్డాయి.

ఆయన తడిసిన పాదం వైపు చూశాడు. వినోద వాకిలి ఊడుస్తూ అంతా చూసింది గానీ, చూడనట్టే చీపురు ఆడించింది. గెలిచానన్న సంతోషం రాలేదు. ముసలాయన మెడ ఒక్కసారిగా సన్నబడినట్టు కనిపించి, పాపం అనిపించింది.

"బండి తియ్యి. కట్టె సూసొద్దం," అన్నాడు ఆయన, పుల్ల ఉమ్మేసి.

పేట్ బషీరాబాద్‌లో హైవే దిగి లోపలికి పోతే శేషారత్నం దుకాణం ఉంది. కూల్చిన పాత ఇళ్ల తలుపులు, దూలాలు, కిటికీలు కొని అమ్ముతుంది. బాపట్ల వైపు నుంచి భర్తతో వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మాట మాత్రం అక్కడిదే.

"రా తల్లీ. పెద్దాయన్ని కూడా తీసుకొచ్చావే! ఏం కావాలి?"

"బీచ్ కాడ మెట్లకు కట్టె."

"ఏ ఊళ్లో?"

"శామీర్‌పేట."

శేషారత్నం పడీపడీ నవ్వింది. "శామీర్‌పేటలో బీచా! మా సూర్యలంక సముద్రం అంత దూరం ఎప్పుడు నడిచొచ్చిందమ్మా?" తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని దుకాణదారు అయిపోయింది. "నవ్వుకేంలే గానీ, మా వైపు ఉప్పు గాలి, మీ వైపు ఉప్పు లేని గాలి, అంతే తేడా. తడుస్తుంది, ఎండుతుంది, మళ్లీ తడుస్తుంది. చెక్కని తడి చంపదు తల్లీ. ఆరనివ్వకపోతే చస్తుంది. మా ఊళ్లో సముద్రం వైపు మెట్లకి చెక్కకీ చెక్కకీ నడుమ వేలు దూరేంత సందు వదుల్తారు. ఇసకా నీళ్లూ కిందికి పోవద్దూ?"

"సందా!" అన్నాడు సిద్దిరాములు, ఎవరో తిట్టినట్టు.

దుకాణం వెనక కట్టె గుట్టలు. ముసలాయన చేతులు వెనక్కి కట్టుకొని నడిచాడు. వేప దూలం దగ్గర ఆగి, వంకర తిరుగుతదని తల తిప్పేశాడు. నల్లటి తాటి వాసాల మీద వినోద చేయి వేసింది. రాయిలా ఉన్నాయి.

"గట్టిదే. కానీ పేళ్లు లేస్తయి. ఉత్త కాళ్లతోని నడిసే జాగల తాటి కట్టె పెట్టొద్దు," అన్నాడు సిద్దిరాములు. టేకు పలకల ముందు ఆయన కాళ్లు వాటంతటవే ఆగాయి. వినోద ఆగలేదు. చివర్న, గోడ వారగా, మసి పట్టిన దూలాల దగ్గర నిలబడి గోటితో గీకింది.

"మామ, గిది నల్లమద్ది గద?"

"అయితే? నల్లమద్ది ఎడ్లబండ్లకు వెట్టే కట్టె. పటేల్ల ఇంటికి టేకే పెట్టాలె, గది మర్యాద. బండి కట్టె తెచ్చి ముంగట వెడ్తే నవ్వుతరు."

"బండి వానల తిరగదా? బురదల తిరగదా? బండి కట్టె వాన జూసి ఇంట్లకు ఉరుకుతదా?"

సిద్దిరాములు మేనమామ బండ్లు చేసేవాడు. ఆ బండ్లు ఎన్ని వానల్లో నానాయో, ఎన్ని వాగుల్లో దిగాయో ఆయనకు తెలియనిది కాదు. బండి పని బండిది, ఇంటి పని ఇంటిది అని రెండు అరల్లో పెట్టుకున్నాడు. ఆ రెండు అరలనూ కలిపి చూడమని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో లేరు.

ఆయన మోకాళ్లు పట్టుకొని మెల్లగా కూర్చొని, దూలం కొసకు చెవి ఆనించాడు. "ఆ కొసకు వోయి కొట్టు."

వినోద కాలి దగ్గర పడి ఉన్న బోల్టు తీసి అవతలి కొస మీద టక్కున కొట్టింది.

"మందం పలుకుతాంది. నడుమల పుచ్చున్నది. ఇంకోటి."

"పుచ్చు లేదు గిచ్చు లేదు, మంచి మండువా ఇంటి దూలమయ్యా అది!" అని శేషారత్నం గొంతు లేపింది.

"నీ నోరు గట్టిగున్నది గానీ నీ దూలం లేదమ్మా," అన్నాడు సిద్దిరాములు చెవి తీయకుండానే. శేషారత్నానికి కూడా నవ్వొచ్చింది.

తర్వాతి దూలానికి చెవి ఆనించాడు. వినోద కొట్టింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. మళ్లీ కొట్టమని వేలు ఎత్తాడు. మళ్లీ కొట్టింది. గడ్డం కింద చర్మం కదిలింది.

"గల్లుమంటాంది," అన్నాడు మెల్లగా. రెండు రోజుల్లో కోడలితో మామూలుగా అన్న మొదటి మాట అదే.

కట్టె కొట్టానికి చేరింది. పాత మేకులు పీకి, మసి గీకి, కోయించి తెచ్చేసరికి లోపలి రంగు బయటపడింది. బెల్లం పాకం ముదిరిన రంగు. రంద పట్టిస్తే చేతులు గుంజేశాయి, నల్లమద్ది అంత తేలిగ్గా లొంగదు. వినోద భుజాలకు జండూబామ్ రాసుకొని మళ్లీ రంద ఎత్తింది. సందుల దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. పలకల నడుమ ఆమె వేలి మందం బద్ద పెట్టి బిగిస్తుంటే, ముసలాయన చేయి తెలియకుండానే పోయి పలకను దగ్గరికి తోసేది.

"మామ!"

"ఆఁ, ఆఁ." చేయి వెనక్కి తీసుకునేవాడు. "గిది మెట్టు గాదు, గొర్ల దొడ్డికి తడిక. నా పేరు వెట్టకు దీనికి."

కానీ మర్నాటికి తనే ఒక పలక తీసుకొని, ముందు అంచును రవ్వంత వాలుగా చెక్కాడు. దాని మీద నీళ్లు పోశాడు. నీళ్లు ఆగకుండా జారిపోతే మళ్లీ పోశాడు. పిల్లవాడిలా మూడోసారి కూడా పోశాడు. ఆ తర్వాత అన్ని పలకలూ ఆయనే లాక్కున్నాడు. గుంజలు ఇసుకలో పాతొద్దనీ, కింద రాళ్లు పెట్టి నిలబెట్టాలనీ ఆయనే అన్నాడు. పాలిష్ వద్దు, అవిసె నూనె చాలన్నది వినోద. ఆయన కాదనలేదు.

శనివారం సాయంత్రం వినోద తల్లి దగ్గరికి వెళ్లింది. శామీర్‌పేటలో ఒక్క గది అద్దె ఇల్లు. ఐలమ్మ ఎడమ చేత్తో చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. సగం కాయలు ఈనెతోనే గిన్నెలో పడుతున్నాయి.

"రేపు రావే అమ్మ. అడుగుమెట్టు బిగిస్తున్నం."

"నేనెందుకు? మళ్ల పడేతందుకా?"

"తొలి అడుగు నువ్వెయ్యాలె."

ఐలమ్మ కాయ కింద పెట్టింది. "నీకు పిచ్చి లేసిందా? సిద్దిరాములన్న ఏమంటడు? ఆయన ఇంటి రివాజు అది. నీ సంసారంల నా కాలు వెట్టి కొట్లాట తేను."

"నువ్వు దబదబ దిగినవంటనే అమ్మ, మెట్టు ఇరిగింది?"

ఆ ఒక్క ప్రశ్నకు ఐలమ్మ మొహం ఎర్రబడింది. ఇన్ని వారాల్లో ఆమెను ఎలా పడ్డావని అడిగినవాళ్లే గానీ, పళ్లాలు ఏమయ్యాయని అడిగినవాళ్లే గానీ, అలా దిగావా అని అడిగినవాళ్లు లేరు.

"పళ్లాలు వట్టుకొని ఎవలన్న దబదబ దిగుతరానే? కాలుతోని తడుముకుంట దిగిన. కాలు వెట్టంగనే పోయింది. పడుకుంట గూడ పళ్లాలు ఇడువలే నేను. ఇడిస్తే చెయ్యి ఇరగకపోవు." వెంటనే కోపం తెచ్చుకుంది. "పో, పో. నేను రాను. ఆడ నా టిపిని డబ్బ ఒక్కటి ఉండిపోయింది. గది తెచ్చియ్యి, చాలు."

ఆదివారం పొద్దున బీచ్‌లో రంగు గొడుగులు తెరిచారు. మెట్ల పైన ఎర్ర రిబ్బన్. మామా కోడళ్లు ముందు రోజే గుంజలు నిలబెట్టి, పై మెట్లన్నీ బిగించేశారు. అడుగుమెట్టు మాత్రం రివాజు ప్రకారం వదులుగా ఉంది. వినోద చేతిలో పానా ఉంది.

హరీష్ వంగి చూసి ముఖం చిట్లించాడు. "డాడీ, గీ సందులేంది? లేడీస్ హీల్స్ ఇరుక్కుంటయి."

"ఇసుకలకు హీల్స్ ఏస్కొని ఎవలు దిగుతరు బాబు?" అంది వినోద. గొడుగులు పాతుతున్న వాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు.

జనార్ధన్‌కు నవ్వు రాలేదు. "నల్లగ బండి కట్టె లెక్కున్నది. షైనింగ్ లేదు, ఏం లేదు. టైం లేదు కాబట్టి ఊకుంటున్న. సందులల్ల పుట్టీ వెట్టి మూసెయ్యిండ్రి."

"పుట్టీ వెట్టం పటేల," అంది వినోద. "పుట్టీ వెడ్తే తడి ఆగుతది. తడి ఆగితే మురుగుతది. మళ్ల ఇంకొకలు పడ్తరు. గప్పుడు ఎవల కండ్లు నెత్తికెక్కినయంటవు?"

"ఏం మాట్లాడుతుందయ్య నీ కోడలు?" జనార్ధన్ సిద్దిరాములు వైపు తిరిగాడు. "ఎవల సంగతి ఇది?"

సిద్దిరాములు కళ్లు కంచె వైపు ఉన్నాయి. కంచె వెంబడి, బండల మీద, ఒక చేయి మెడకు వేలాడేసుకొని, ఇంకో చేత్తో తీగ పట్టుకుంటూ ఐలమ్మ వస్తోంది. వాచ్‌మన్ ముందు గేటులోంచి రానివ్వలేదు కాబోలు. వంటింట్లోకి పోయి టిఫిన్ డబ్బా తీసుకొని, కూతురిని చూసి ఇసుక అంచున ఆగింది.

"నా డబ్బ కోసం వచ్చిన. మీ మెట్ల కోసం గాదు," అంది ఎవరూ అడక్కుండానే.

"సరే, సరే. సిద్దిరాములూ, నువ్వు ఎక్కి నిలబడు. జల్దీ బిగిచ్చుండ్రి. లీడర్ బండి శామీర్‌పేట దాటిందంట," అన్నాడు జనార్ధన్. ఆయన చేతిలో కొత్త తువ్వాల కూడా ఉంది.

సిద్దిరాములు చెప్పులు విడిచాడు. అడుగుమెట్టు దాకా నడిచాడు. వినోద పానా గట్టిగా పట్టుకుంది. మామ ఎక్కితే తాను బిగించదు. బిగించనని అందరి ముందూ అనాలి, అంటే ఇంట్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు. రవీందర్ ముఖం గుర్తొచ్చింది. అయినా అనేదే! నోరు తెరవబోయింది.

ముసలాయన కాలు ఎత్తలేదు. మెట్టుకు ఇవతలే నిలబడి వెనక్కి తిరిగాడు.

"చెల్లె, ఇటు రా."

ఐలమ్మ కదల్లేదు.

"పటేల, ఆమె నాకు వియ్యపురాలు. నా కోడలి తల్లి. మొన్న నీ ముంగట నేను జెప్పలే. సిగ్గయి జెప్పలే." గట్టిగా అనడానికి అలవాటు లేని మాటలు, అరిచినట్టే వచ్చాయి. "ఇరిగింది నా అతుకు. ఆమె నడక గాదు. మురిగిన కట్టె మీద నువ్వు నడిసినా పడుదువు, నేను నడిసినా పడుదు. పోయినసారి తొలి అడుగు నేనేసిన. ఈ మెట్లకు నేనెయ్య."

వినోద కళ్లు మసకబారితే ముంజేత్తో తుడుచుకుంది.

"అరే, గెస్టుల మెట్ల మీద గిన్నెలు కడిగేటామె తొలి అడుగేంది? ఏం తమాషా ఇది?" జనార్ధన్ గొంతు లేచింది. "నేను నిలబడ్త, బిగియ్యి."

"బిగియ్య పటేల," అంది వినోద. "నువ్వు ఒక్కరోజు రిబ్బన్ కోసం నడుస్తవు. రోజు నడిసేటోల్ల బరువు మీద బిగియ్యాలె. ఆమె నిలబడ్తే బిగిస్త. లేకుంటే పానా సంచిల ఏస్కొని వోతం. లీడర్‌ను ఎనుక తొవ్వల తోల్కరా."

వెనక తోవ అనగానే అందరూ నాచు బండల వైపు చూశారు. హరీష్ ఫోన్ మోగింది. "డాడీ, గేటు కాడికొచ్చిండ్రు."

జనార్ధన్ తువ్వాలను అటూ ఇటూ మడిచాడు. "కానియ్యి. జల్దీ కానియ్యుండ్రి."

ఐలమ్మ చెప్పులు విడిచింది. ఇసుకంటిన పాదం అడుగుమెట్టు మీద పెట్టింది. ఆ రోజు లాగే ముందు కాలితో తడిమి చూసుకుంది. తర్వాత రెండో పాదం పెట్టింది. పలక ఆమె బరువుకు రవ్వంత దిగి కుదురుకుంది. వినోద మోకాళ్ల మీద కూర్చొని బోల్టు బిగించింది. సిద్దిరాములు ఇసుకలో చతికిలబడి పలక కొసకు చెవి ఆనించాడు. వినోద ఇవతలి కొస మీద పానాతో కొట్టింది.

"ఎట్లున్నది మామ?"

"గల్లుమంటాంది."

"ఇంకో సుట్టు బిగియ్యి బిడ్డ," అంది ఐలమ్మ పైనుంచి. "రోజు నడిసేదాన్ని."

జనార్ధన్ ఆమె వైపు చూడకుండా సిద్దిరాములుతో అన్నాడు. "అయిందా? ఇగ ఆమెను పక్కకు జరగమను. రేపటి సంది పనిలకు రమ్మను, తియ్యి."

"రేపు రాను పటేల," అంది ఐలమ్మ. "చేతి కట్టు ఇప్పినంక వస్త. వచ్చినప్పుడు గా బండల మీదికెళ్లి రాను. గీ మెట్లెక్కే వస్త."

ఆమె పక్కకు జరగలేదు. టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకొని పైకి నడవడం మొదలుపెట్టింది, ఏ తొందరా లేకుండా, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించుకుంటూ. కాళ్ల ఇసుక సందుల్లోంచి కిందికి రాలింది. పైన కార్ల తలుపులు పడిన చప్పుడు. లీడర్ ఎవరో, మెడలో దండతో, చేతిలో కత్తెరతో రిబ్బన్‌కు అవతల వచ్చి నిలబడ్డాడు. ఐలమ్మ ఇవతల నిలబడింది. రిబ్బన్ ఆమె ఛాతీ దగ్గరికి ఉంది.

"జర పైకెత్తు బిడ్డ," అంది, లీడర్‌కు ఎదురుపోయి పక్కన నిలబడిన హరీష్‌తో. "నాకు నడుమొంగది."

హరీష్ ఒకసారి తండ్రి వైపు చూశాడు. తర్వాత రెండు చేతులతో రిబ్బన్ పైకెత్తాడు.